బోర్లా వేసిన బండ

ఫోను చేసింది మా ఊరి ప్రాథమిక పాఠశాల హెడ్మిస్ట్రెస్. నేను ఎన్నడూ చూడని మనిషి. మీరు ఈ బడిలోనే చదివారంట కదా మేడం, టీచరుగా చేసి రిటైరయ్యారంట, పుస్తకాలు కూడా రాస్తారంట అని ఒక్కొక్కటీ రూఢి చేసుకుని అసలు సంగతికి వచ్చింది. బడికి టైల్స్ వేయిస్తున్నారు. పాత నాపబండలు పీకుతూ, గుమ్మం ముందు మెట్టుగా ఉన్న పెద్ద బండను తిరగేస్తే అడుగున ఒక ఆడమనిషి బొమ్మ చెక్కి ఉందట. నెత్తిన ఉన్నది కిరీటమో కలశమో తెలియడం లేదట. ఎన్ని వందల ఏళ్ళ నాటిదో చెప్పగలిగినవాళ్ళు లేరట. ఫోటో ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టిన మర్నాటికల్లా ఎవరో పసుపు రాసి కుంకుమ పెట్టారు, కొబ్బరికాయలు కూడా కొట్టారు. శనివారం పిల్లలకు 'మన ఊరి చరిత్ర' అని కార్యక్రమం ఉంది, ఆ శిల్పం గురించి నాలుగు మాటలు చెప్పాలి అని ఆమె కోరిక. సరేనన్నాక ఫోటో పంపింది. నరసరావుపేటలో మా ఇంటి వరండాలో కూర్చుని, కళ్ళజోడు తుడుచుకుని, ఆ ఫోటోను వేళ్ళతో పెద్దది చేసి చూశాను. నెత్తిన ఉన్నది కిరీటం కాదు, కలశమూ కాదు. మట్టి మోసే గంప. ఆ గంప, దాని కింద వంకర ముక్కు, పొడుగు చేతులు మూడో తరగతిలో నేను చెక్కినవి. అది మా నాయనమ్మ కోటమ్మ. ముందు పకపకా నవ్వాను. తర్వాత బొమ్మ కింది భాగం చూసి నవ్వు ఆపాను. నేను చెక్కింది నడుము దాకానే. ఆ కింద గోచీ పెట్టి బిగించిన చీర, పిక్కలు, పాదాలు, పాదాల మీది పగుళ్ళు ఎవరో నిదానంగా, సన్నటి ఉలితో పూర్తి చేసి ఉన్నారు. ఆ ఏటవాలు గీతలు నాకు తెలుసు. అది మా నాయన చెయ్యి.

మాది రాళ్ళు కొట్టే ఇల్లు. తెల్లవారకముందే నాయన గనికి పోయేవాడు. పొద్దుగూకే వేళకు వచ్చేసరికి కనుబొమల నుంచి కాలి గోళ్ళ దాకా తెల్లటి దుమ్ము ఉండేది. అమ్మ గాబు దగ్గర వేణ్ణీళ్ళు పెడితే ఒళ్ళంతా రుద్దుకుని, అప్పుడు గానీ మాతో మాట్లాడేవాడు కాదు. ఎంత రుద్దినా రాతి దుమ్ము వాసన పోయేది కాదు. తడి సున్నం వాసన కాదది, ఎండిన గోడను గోకితే వచ్చే వాసన. జొన్నకూటిలో గోంగూర పచ్చడి కలుపుతున్న ఆయన చేతి నుంచి ఆ వాసన కూడా కలిసి వచ్చేది. ఆదివారం కొలిమి దగ్గర ఉలులకు పదును పెట్టించుకుని వచ్చి, పెద్దవీ చిన్నవీ వరసగా గోనెపట్టా మీద పేర్చేవాడు. వాటి జోలికి వెళ్ళడానికి మాకు అనుమతి లేదు. మా ఇంటి నేల బండే, పైకప్పు బండే, చుట్టూ నిలబెట్టిన ప్రహరీ బండే. అంత రాయి ఉన్న ఇంట్లో పలక కొనడం ఎందుకని అమ్మ నన్ను బడిలో చేర్చిన కొత్తలో అడిగింది. ఆమె హాస్యానికి అనలేదు.

నాయనమ్మ మాత్రం పని మానేసి చాలా కాలమైంది. వాకిట్లో బండ మీద కూర్చుని చుట్ట తాగేది, అదీ అడ్డపొగ, నిప్పు నోట్లోకి పెట్టుకుని. మాట్లాడాల్సి వస్తే చుట్ట తీసి, మాట అయ్యాక మళ్ళీ నిప్పు లోపలికి పెట్టుకునేది. ఎవరి మీదన్నా కోపం వస్తే చుట్ట తీయకుండానే తిట్టేది. ఆమెకు చదువు లేదు, తన వయసు ఎంతో తెలియదు. కానీ ఊరి మంచినీళ్ళ బావి లోపల ఎన్ని పొరలున్నాయో తెలుసు. నాలుగు నిలువులు ఎర్రమట్టి, రెండు నిలువులు సుద్ద, ఆ కింద పలుగు దిగని నల్లబండ, బండ పగిలాక సన్నటి ఊట. పెళ్ళయి వచ్చిన ఏడాదే ఆ బావిలో దిగిందట. ఊట పడ్డ రోజున నీళ్ళు ముందు ఎవరికి తగిలాయి అని అడిగితే తన పాదాలు చూపించేది. ఆ బావి గట్టు మీద మాత్రం ఒక రాతి ఫలకం ఉండేది, అందులో వేరే పేరు ఉండేది. అది అప్పటి పంచాయతీ ప్రెసిడెంటు గారి తండ్రి పేరు. మా నాయనమ్మకు చదువు రాదు కాబట్టి ఆ ఫలకం ఏమంటోందో నేను అక్షరాలు నేర్చుకున్నాకే ఆమెకు తెలిసింది. విని, చుట్ట తిప్పి పెట్టుకుంది.

మా సుభద్ర టీచరు లేకపోతే ఇదంతా వాకిట్లోనే ఆగిపోయేది. ఆమె ఏ ఊరి నుంచో వచ్చి మా బడి పక్క గదిలో అద్దెకుండేది. బక్కపలచటి మనిషి, గొంతు మాత్రం నడికుడి స్టేషనులో వినిపించేంత. శనివారం మధ్యాహ్నం ఆమెకు పుస్తకం అక్కర్లేదు. మీ ఇంట్లో అందరికంటే పాత వస్తువు ఒకటి తెచ్చి, దాన్ని మొదట వాడింది ఎవరో కనుక్కుని, ఆ మనిషి బొమ్మ వేయండి అనేది. తెచ్చేవాళ్ళం: తిరగలి పిడి, కల్లు లొట్టి, ఇత్తడి చెంబు. ఒకడు వాళ్ళ తాతనే చెయ్యి పట్టుకుని తెచ్చాడు. టీచరు ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి మా అందరిచేతా ఆయన బొమ్మ వేయించింది. రంగులు కొనే స్తోమత ఎవరికీ లేదు. ఎర్రకు జాజు, తెలుపుకు సున్నం, నలుపుకు బొగ్గు, పచ్చకు చిక్కుడాకు రసం. చేతులన్నీ ఖరాబు చేసుకుని ఇంటికి పోతే అమ్మల చేత తిట్లు తినేవాళ్ళం. మా నాయనమ్మ బావి కథ నా నోట విని, ఆ శనివారం ఆమెను బడికి తీసుకురమ్మంది. నాయనమ్మ వచ్చింది గానీ గుమ్మం దాటి లోపలికి రాలేదు. బయటే కూర్చుని, చుట్ట ఆర్పకుండా, పొర పొరా చెప్పింది. మేము జాజుతో ఎర్రమట్టి, సున్నంతో సుద్ద, బొగ్గుతో బండ వేశాం. టీచరు ఆమె పక్కనే నేల మీద కూర్చుని, మాతో పాటు తనూ వేసింది. చరిత్ర అంటే ఇది, రాసుకోండి అని ఆమె అనలేదు. అనాల్సిన అవసరం లేకపోయింది.

ఆ తర్వాత పెట్టిన పనితోనే చిక్కు వచ్చింది. బడి చుట్టూ ప్రహరీగా నాపబండలు నిలబెట్టి ఉండేవి. తలా ఒక బండ ఇచ్చి, మన ఊరు తయారవడానికి కష్టపడ్డ మనిషిని ఒకరిని సుద్దతో గీయమంది టీచరు. ఇన్‌స్పెక్టరు గారు వచ్చే రోజు దగ్గర పడింది, ఆయనకు చూపిద్దాం అంది. అందరూ సుద్దతో గీశారు. నాకు సుద్ద మీద నమ్మకం లేదు. వాన పడితే పోయేదానికి కష్టపడటం ఎందుకనిపించింది. మా ఇంట్లో రాయి మీద గీత గీయాలంటే ఉలితో గీయడమే నేను చూసింది. సుద్దగీత అంటే ఎక్కడ కొట్టాలో గుర్తు మాత్రమే. నాయన పట్టాలోంచి అన్నింటికన్నా చిన్న ఉలి, అమ్మ పసుపుకొమ్ములు దంచే రాయి దొంగిలించి, రెండు రోజులు అన్నం బెల్లు టైములో టకటకా కొట్టాను. నడుము దాకా వచ్చేసరికి టీచరు చూసింది. కొట్టలేదు, తిట్టలేదు. ఇది చెరగదు గదే అంది, నెమ్మదిగా. అవునండీ అన్నాను గర్వంగా. ఆమె మొహంలో కనిపించింది భయమని అర్థం కావడానికి నాకు పెద్ద వయసు కావలసి వచ్చింది.

ఇన్‌స్పెక్టరు గారి వెంట ప్రెసిడెంటు గారు వచ్చారు. ఒక్కొక్క బండా చూసుకుంటూ నా దగ్గర ఆగారు. ఇదెవరమ్మా అని ఇన్‌స్పెక్టరు అడిగాడు. మా నాయనమ్మ, మంచినీళ్ళ బావి తవ్వింది అని చెప్పాను. ప్రెసిడెంటు గారు నవ్వారు. ఆ బావి మా నాయన తవ్వించింది, ఫలకం ఉంది, కావాలంటే చూపిస్తాను అని ఇన్‌స్పెక్టరుకు చెబుతున్నారు. నేను నోరు మూసుకుని ఉంటే సరిపోయేది. నాయనమ్మ చెప్పింది చెప్పినట్టు అప్పజెప్పాను.

"మీ నాయన గట్టున మంచమేసుకోని కూచున్నాడంటండీ. లోపలికి దిగింది మా నాయనమ్మంట."

ఇన్‌స్పెక్టరు దగ్గు తెచ్చుకున్నాడు. ఆ సాయంత్రమే బండలన్నీ కడిగించారు. బిందెలతో నీళ్ళు పోస్తే సుద్దబొమ్మలన్నీ పాలలాగా కారిపోయాయి. మా నాయనమ్మ మాత్రం తడిసి, ఇంకా స్పష్టంగా నిలబడింది.

మర్నాడు నాయనకు కబురొచ్చింది. నాయన పనిచేసే గని ప్రెసిడెంటు గారి బావమరిదిది. నీ కూతురు చెక్కింది నువ్వే చెక్కేసెయ్ అన్నారట. నేను బడి లోపల కిటికీ పట్టుకుని నిలబడి చూస్తున్నాను. నాయన ఉలి తెచ్చుకున్నాడు, బండ చుట్టూ తిరిగాడు, వేలితో తట్టి చెవి ఆనించి విన్నాడు.

"చెక్కితే పగుల్తదండీ. మంచి బండ. బోర్లేసి గుమ్మం ముందర మెట్టు చేస్తా, అందరూ తొక్కుకుంటా పోతారు" అన్నాడు.

అందరూ తొక్కుతారన్న మాట ప్రెసిడెంటు గారికి బాగా నచ్చింది. సరేనని వెళ్ళిపోయారు. నాయన ఒక్కడే ఆదివారం పొద్దుపోయేదాకా అక్కడ పనిచేశాడు. నేను పోలేదు. తల్లి బొమ్మను నలుగురి కాళ్ళ కింద వేసి వచ్చిన మనిషితో ఏం మాట్లాడాలి? ఆ వేసవి మొత్తం ఆయనతో మాట్లాడలేదు. ఆయన కూడా నన్ను పలకరించి ఏదో చెప్పబోయినట్టు నాకు జ్ఞాపకం లేదు. పాఠాలు తిరిగి మొదలయ్యేసరికి సుభద్ర టీచరును బొల్లాపల్లి అవతల ఎక్కడికో బదిలీ చేయించారు. పెట్టె, చాప, కుంపటి బండిలో పెట్టుకుని వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఆ బడిలో చదువు అయ్యేదాకా నేను ఆ మెట్టు మీద కాలు పెట్టలేదు. దూకేదాన్ని. రెండుసార్లు మోకాళ్ళు పగిలాయి. నన్ను చూసి మా వీధి ఆడపిల్లలు కూడా దూకడం మొదలుపెట్టారు, ఎందుకు దూకుతున్నారో వాళ్ళలో సగం మందికి తెలియదు. కొత్త పంతులు గారు ఎన్నిసార్లు బెత్తం తీసుకున్నా మేము మానలేదు. నేను టీచరునయ్యాక కూడా నాయన మీది కోపం పూర్తిగా పోలేదు. ఆయన పోయిన రోజున ఏడ్చాను గానీ, ఆ ఏడుపులో కూడా ఆ బండ ఉంది.

శనివారం బడికి వెళ్ళాను. అప్పుడంతా బంగారం, ఇప్పుడంతా మట్టి అని నేను అనను. మేము ఆకలితో కూర్చున్న చోట ఇప్పుడు పిల్లలకు వేడన్నం పెడుతున్నారు, కాళ్ళకు బూట్లున్నాయి, ఒక్కొక్కరి దగ్గరా పన్నెండు రంగుల పెట్టె ఉంది. ఆ పన్నెండు రంగులతో వాళ్ళు చేస్తున్న పని చూస్తేనే ఒళ్ళు మండింది. అందరి ముందూ ఒకటే ప్రింటు కాగితం. గుర్రం మీద రాజు. గీత దాటకుండా రంగు నింపాలి, కింద ఖాళీలో రాజు పేరు రాయాలి. తలపాగాకు ఆకుపచ్చ వేసినందుకు ఒక పిల్లను మళ్ళీ వేయమన్నారు. ఆ రాజు ఎవరో, మా ఊరికి ఎప్పుడన్నా వచ్చాడో లేదో ఆ పిల్లకు తెలియదు. అడిగే వీలు ఆ కాగితంలో లేదు.

మెట్టు పీకిన మేస్త్రీ అక్కడే ఉన్నాడు. నేను చూడాలన్నానని బండ దగ్గరికి తీసుకెళ్ళి తనంతట తనే చెప్పాడు.

"ఎవరో పని తెలిసినోడే ఏశాడమ్మా. మట్టీ సున్నం ఏదీ పెట్టలా. ఏటి ఇసక జల్లెడ పట్టి పరిచాడు. అందుకే బొమ్మ అరగలా. మెట్టుకి ఇంత సేవ ఎవురన్నా చేస్తారా?"

ఏరంటే మాకు కృష్ణే, అది మా ఊరికి దగ్గర కాదు. ఆ ఇసుక ఆయన గని నుంచి వచ్చాక తెచ్చాడో, పని ఎగ్గొట్టి తెచ్చాడో నాకు తెలియదు. ఊరంతా తొక్కుకుంటూ పోతారని మాట ఇచ్చి, తల్లికి ఇసుక పరుపు వేసి, నేను వదిలేసిన కాళ్ళు పూర్తి చేసి, బోర్లా పడుకోబెట్టి దాచాడు. నాకు చెప్పలేదు. చెబితే నేను నోరు మూసుకుని ఉండనని ఆయనకు తెలుసు. చెప్పి చావొచ్చు గదా నాయనా అని అక్కడే పైకి అనేశాను. అందరూ నా వంక చూశారు. చూస్తే చూడనీ. ఒక మనిషిని ఇన్నేళ్ళు తప్పుగా తిట్టుకున్నానని తెలిసిన రోజున మర్యాద ఎవరికి కావాలి?

ఆఫీసు గదిలో హెడ్మిస్ట్రెస్‌కు నిజం చెప్పాను. ఆమె మొహం పాలిపోయింది. పక్కన అప్పటి ప్రెసిడెంటు గారి మనవడు కూర్చుని ఉన్నాడు, బడి కమిటీ ఇప్పుడు అతని చేతిలో ఉంది. కుర్రతనం పోని మొహం, మాట మెత్తన. అతను కోప్పడలేదు. నిజానికి తెలివైన మాట చెప్పాడు. జనం దణ్ణం పెట్టుకుంటున్నారు మేడం, మా తాత పేరు మీద చిన్న గుడి కట్టిద్దాం అనుకుంటున్నాం, అమ్మవారిగానే ఉండనీయండి, గౌరవం దక్కేది మీ నాయనమ్మకే గదా అన్నాడు. అబద్ధం ఎందుకు, ఒక్క క్షణం ఊగాను. బడి గుమ్మం దాటి లోపలికి రావడానికి జంకిన మనిషికి గుడి. నేను చేయాల్సింది ఊరుకోవడం మాత్రమే. కానీ దేవతైతే బావి పడటం ఆమె మహిమ అవుతుంది, ఆమె చేతుల మీది బొబ్బలు ఎవరికీ కనపడవు. ఫలకం ఒకసారి ఆమెను తీసేసింది, పసుపు రెండోసారి తీసేస్తుంది. మా నాయనమ్మ దేవత కాదు బాబూ, అడ్డపొగ తాగేది, నోరు తెరిస్తే బూతులు అన్నాను.

బయటికి వచ్చి పిల్లల ముందు, కొబ్బరికాయలు కొట్టిన ఆడవాళ్ళ ముందు అంతా చెప్పాను. గంప అని చెప్పాను. మంచం సంగతి కూడా వదల్లేదు. మనవడు కూడా వచ్చి ఎదురుగా కూర్చున్నాడు, ఉండనీ అనుకున్నాను. మంచం మాట వచ్చినప్పుడు పిల్లలు గట్టిగా నవ్వారు. పెద్దవాళ్ళు నవ్వలేదు. అమ్మవారు కాదని తెలిసి కొందరు నా వంక గుర్రుగా చూశారు. అప్పుడు వెనక నుంచి మా వీధి వెంకాయమ్మత్త లేచింది. నాకంటే పదేళ్ళు పెద్దది, నడుము వంగిపోయింది.

"ఏమే మణీ, మా అమ్మ గూడా ఆ బావిలో దిగింది. కోటమ్మత్త కింద నుంచి గంప ఎత్తిస్తే మా అమ్మే అందుకునేది. మరి మా అమ్మ బొమ్మేదే?" అని అడిగింది.

 మూడో తరగతిలో నాకు ఒక్క నాయనమ్మే కనపడింది. గంప అందుకున్న చేతుల గురించి ఆమె చెప్పిందో లేదో, చెప్పినా నేను విన్నానో లేదో. ఈలోగా ఇంకొకామె తన అత్తగారి పేరు చెప్పింది. ఒక ముసలాయన, బండకు పేలుడు మందు పెట్టినప్పుడు చెయ్యి పోయిన తన మేనమామ పేరు చెప్పాడు. ఆకుపచ్చ తలపాగా పిల్ల లేచి, వాళ్ళ ముత్తాత కూడా ఉన్నాడేమో ఇంటికి పోయి అడిగి వస్తానంది. మనవడు నవ్వే ప్రయత్నం చేశాడు.

"ఇట్టా అందరివీ పెట్టుకుంటా పోతే బడిలో చోటెక్కడిది మేడం?"

పీకేసిన నాపబండలు ఆవరణలో ఓ మూల కుప్పగా పడి ఉన్నాయి. వాటిని తన మిరపకాయల కల్లంలో పరవడానికి అతను మాట్లాడుకున్నాడని మేస్త్రీ అప్పటికే చెప్పాడు. ట్రాక్టరు గేటు బయట ఆగి ఉంది. నేను వెళ్ళి ఆ కుప్ప మీద కూర్చున్నాను. ఈ వయసులో మోకాళ్ళు సహకరించవు, హెడ్మిస్ట్రెస్ చెయ్యి పట్టుకుని ఎక్కించింది. అంతసేపూ బిక్కచచ్చి ఉన్న మనిషి, ఎక్కించాక నా పక్కనే తనూ నిలబడింది. ఇవి బడి బండలు, పిల్లకొక బండ, ఒక్కటి కూడా బయటికి పోదు అని చెప్పాను. లేవండి మేడం, బాగుండదు అని మనవడు బతిమిలాడాడు. డ్రైవరు హారన్ కొట్టాడు. పిల్లలు ఎవరి బండ వాళ్ళు ఎంచుకోవడానికి నా చుట్టూ ఎగబడ్డారు, వెంకాయమ్మత్త తన కర్రతో ఒక బండను తట్టి ఇది మా అమ్మదని చెప్పింది. ఎండ నడినెత్తికి వచ్చింది. నేను లేవలేదు. ట్రాక్టరు ఖాళీగా వెనక్కి పోయింది.